సెల్లార్ గదిలో గాలిని ఎవరు కొలుస్తారు?

(వాడ మాట – 17)



గాలికి కులం లేదని మన కవులు, ఉపన్యాసకులు తరచూ అంటుంటారు. వేదిక మీద వినడానికి బాగానే ఉంటుంది. గాలికి కులం లేకపోవచ్చు గానీ గదికి ఉంది. ఎవరు ఏ గదిలో పడుకోవాలో ముందే తేలిపోయిన చోట, ఎవరు ఏ గాలి పీల్చాలో కూడా తేలిపోయినట్టే.

ఈ వారం రాడాన్ గురించి రాస్తున్నా. అపార్ట్‌మెంట్లలో రాడాన్ కొలవడం గురించి. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఫిజిక్స్ ఎందుకని అడిగే మిత్రులుంటారు. మన ఇంట్లోకి దూరే దాని గురించి మాట్లాడ్డానికి డిపార్ట్‌మెంట్ గోడలు అడ్డం రాకూడదు. పైగా నేను చెప్పబోయేదాంట్లో వాయువు సగమే. మిగతా సగం కొలత. ఏ గదిలో కొలుస్తారు, ఆ అంకె ఎవరి చేతికి వస్తుంది, వచ్చాక ఎవరికి ఏమవుతుంది అన్నది అసలు సంగతి.

1. కనబడనిది

మట్టిలో, రాతిలో కొద్దోగొప్పో యురేనియం అన్ని చోట్లా ఉంటుంది. అది కోట్ల ఏళ్లుగా మెల్లగా క్షీణిస్తూ రేడియం అవుతుంది. రేడియం క్షీణిస్తే రాడాన్ పుడుతుంది. యురేనియం, రేడియం గట్టి పదార్థాలు, ఉన్నచోటే ఉంటాయి. రాడాన్ మాత్రం వాయువు. రాతి సందుల్లోంచి, మట్టి రేణువుల మధ్య నుంచి పైకి వచ్చేస్తుంది. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఆరుబయట వస్తే గాలిలో కలిసి పలచబడిపోతుంది. ఇంటి కింద నుంచి వస్తే నేల పగుళ్లలోంచి, పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికి దూరుతుంది. తలుపులు మూసి ఉంటే అక్కడే పోగవుతుంది.

దాని అర్ధాయువు 3.8 రోజులు. అది క్షీణించినప్పుడు పుట్టే పొలోనియం, సీసం, బిస్మత్ లాంటివి దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల్లో చేరతాయి. అక్కడ అవి విడిచే ఆల్ఫా కణాలు లోపలి పొరను దెబ్బతీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఊపిరితిత్తుల కేన్సర్లలో 3 నుంచి 14 శాతం దాకా రాడాన్ వల్ల వచ్చేవే. పొగతాగడం తర్వాత రెండో కారణం ఇదే. పొగ అలవాటు లేనివాళ్లలో మొదటి కారణం.

దీన్ని బెక్యూరెల్స్‌లో కొలుస్తారు. ఒక క్యూబిక్ మీటర్ గాలిలో సెకనుకు ఎన్ని పరమాణువులు క్షీణిస్తే అన్ని బెక్యూరెల్స్. ఇళ్లలో 100 దాటకుండా చూసుకోమని, అది కుదరని చోట 300 మాత్రం దాటనివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ప్రపంచం మొత్తం మీద ఇళ్లలో సగటు 40 దగ్గర ఉంటుంది.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు కాబట్టి అసలు ప్రమాదం ఎంతో కూడా చెప్పాలి. యూరప్‌లో జరిగిన 13 అధ్యయనాలను కలిపి 2005లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. ప్రతి 100 బెక్యూరెల్స్‌కీ ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు 16 శాతం చొప్పున పెరుగుతుందని అది తేల్చింది. పొగతాగని మనిషికి 75 ఏళ్లలోపు ఆ జబ్బుతో చనిపోయే ముప్పు రాడాన్ అస్సలు లేకపోతే వెయ్యికి 4, 400 బెక్యూరెల్స్ ఉన్న ఇంట్లో బతుకంతా గడిపితే వెయ్యికి 7. పొగతాగేవాళ్లకు అదే లెక్క వెయ్యికి 100 నుంచి 160కి పోతుంది. అంటే బీడీ, రాడాన్ రెండూ ఒకే ఛాతీలో కలిస్తే దెబ్బ చాలా పెద్దది. రాత్రంతా మేలుకోవడానికి బీడీ మీద బీడీ కాల్చే మనిషిని, తెల్లారి ఆయన నడుం వాల్చే గదిని ఇక్కడ ఒకసారి గుర్తుపెట్టుకోండి.

2. మన కాళ్ల కింద రాయి

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కొండ కోసిన చోట రెండు రకాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింద 250 కోట్ల ఏళ్లకు పైబడిన గ్రానైట్. పైన దానికన్నా కోట్ల ఏళ్లు చిన్నదైన క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. రోజూ వేలమంది దాని పక్కనుంచే పోతారు.

తిరుపతి, చిత్తూరు జిల్లాలు 2022 ఏప్రిల్‌లో విడిపోయాయి. కింద రాయి మాత్రం విడిపోలేదు. చిత్తూరు, పలమనేరు, కుప్పం దాకా చాలా వరకు గ్రానైట్ జాతి నేలే. మామూలు గ్రానైట్‌లో పది లక్షల పాళ్లకు మూడు నుంచి ఐదు పాళ్ల యురేనియం ఉండటం సాధారణం. క్వార్ట్‌జైట్ వచ్చి గ్రానైట్ మీద కూర్చున్న ఇలాంటి అతుకు దగ్గరే నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టుల్లో యురేనియం నిల్వలు బయటపడ్డాయి. అక్కడి తండాల్లో, ఊళ్లలో ఇళ్ల లోపలి రాడాన్‌ను ఉస్మానియా యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్లు కొలిచారు కూడా. మన పక్కనే కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తోంది. గని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు పోయాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. యాజమాన్యం కాదంటోంది.

తిరుమలలో యురేనియం గని ఉందని నేనడం లేదు. తిరుపతి ఇళ్లన్నీ ప్రమాదంలో ఉన్నాయనీ అనడం లేదు. ఇది గ్రానైట్ నేల కాబట్టి కొలవకుండా ఏ మాటా చెప్పలేం అంటున్నా. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లలో కూడా రాడాన్ ఒకేలా ఉండదు. నేల పగులు, పునాది తీరు, కిటికీలు, మనుషుల అలవాట్లు అన్నీ దాన్ని మారుస్తాయి.

ఇక్కడే ఒక అపోహ కూడా తీరిపోవాలి. రాడాన్ అనగానే ఫ్లాట్ ఓనర్లు వంటగది గ్రానైట్ బండ వైపు అనుమానంగా చూస్తారు. మన చిత్తూరు, కుప్పం నల్లరాయి వ్యాపారంలో గ్రానైట్ అని పేరు పడింది గానీ అది నిజానికి డోలరైట్. అందులో యురేనియం చాలా తక్కువ. గులాబీ, ఎరుపు రాళ్లలో కాస్త ఎక్కువ ఉండొచ్చు, అయినా వంటగది బండ నుంచి వచ్చేది మామూలుగా స్వల్పమే. అసలు దారి కింద నేలే. ఆ బండ గురించి బాధపడాలంటే దాన్ని క్వారీలో తవ్విన, పాలిషింగ్ యూనిట్‌లో కోసిన కూలీ గురించి బాధపడాలి. ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయే రాతి దుమ్ము సిలికోసిస్ తెస్తుంది. దానికి బెక్యూరెల్ లెక్కలు అక్కర్లేదు, ఆ దగ్గు వింటే చాలు.

3. నిలబెట్టిన ఊరు

మన ఊళ్లు పడుకుని ఉంటాయి. ఊరు ఒక పక్క, వాడ ఒక పక్క. మధ్యలో వాగో, రోడ్డో, పొలమో ఉంటుంది. అపార్ట్‌మెంట్ అంటే ఆ ఊరిని నిలబెట్టడమే. పైన పెంట్‌హౌస్, మధ్యలో డబుల్ బెడ్‌రూమ్‌లు, అడుగున పార్కింగ్. ఆ పార్కింగ్‌లో మెట్ల కిందనో, సంపు పక్కనో, మీటర్ బోర్డు వెనకనో ఒక చిన్న గది. అది వాచ్‌మన్ గది. వెలివాడ ఊరి బయట నుంచి ఊరి కిందికి దిగింది.

అవిలాల, తిరుచానూరు, కరకంబాడి రోడ్డు, చిత్తూరులో మురకంబట్టు వైపు వెళ్లి చూడండి. నేను చూసిన సెల్లార్ గదుల్లో ఎక్కువగా ఉండేది పడమటి మండలాల నుంచి కరువుకు దిగివచ్చిన కుటుంబాలు. మాల, మాదిగ, యానాది, ఎరుకల, బీసీ పేదలు. పది అడుగులకు ఎనిమిది అడుగుల గది. ఒక తలుపు. కిటికీ ఉంటే అది కారు సైలెన్సర్ ఎత్తులో ఉంటుంది. నలుగురు మనుషులు, ఒక గ్యాస్ పొయ్యి, పిల్లల పుస్తకాలు.

రాడాన్ లెక్కలో ఈ గది ఎక్కడుంటుందో చూడండి. రాడాన్ ప్రధానంగా నేల నుంచి వస్తుంది కాబట్టి నేలను తాకి ఉన్న గదిలో ఎక్కువ, పై అంతస్తులకు పోయే కొద్దీ తక్కువ. పార్కింగ్ తెరిచి ఉంటే అక్కడ గాలి ఆడుతుంది, అందుకే మొదటి అంతస్తుకు కూడా రక్షణ దొరుకుతుంది. ఆ తెరిచిన పార్కింగ్‌లో నాలుగు గోడలు కట్టి మూసేసిన ఒకే ఒక్క చోటు వాచ్‌మన్ గది. దాని నేల నేరుగా మట్టి మీద ఉంటుంది. సిమెంటు పైపూతే, అదీ పగిలి ఉంటుంది. చిన్న గది కాబట్టి లోపల గాలి తక్కువ, దానితో పోలిస్తే నేల, గోడలు ఎక్కువ. దోమలకు భయపడి రాత్రి తలుపు మూసేస్తారు. రాడాన్ ఎక్కువగా పోగయ్యేదీ రాత్రే.

ఇది ఊహతో చెబుతున్నది కాదు. తిరుపతి, చిత్తూరు మధ్య గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. అక్కడ నేలకు దగ్గరగా గాలిలో రాడాన్‌ను శాస్త్రవేత్తలు కొలిచారు. తెల్లవారుజామున బాగా ఎక్కువ, ఎండ ఎక్కి గాలి పైకి లేచాక మధ్యాహ్నానికి తక్కువ. ఆరుబయటే అలా ఉంటే మూసిన గది సంగతి ఆలోచించండి. మన జిల్లాలో ఆకాశం గాలిని కొలిచే పరికరాలున్నాయి, కొలిచే చదువున్నవాళ్లున్నారు. ఆ పరికరం సెల్లార్ గది దాకా రావడమే మిగిలింది.

4. సగటు అనే మాయ

ఎలా కొలుస్తారో విద్యార్థులు తెలుసుకోవాలి, ఇది పెద్ద ఖర్చుతో కూడిన విద్య కాదు. ఎల్ఆర్-115 అనే సన్నటి ఎర్రటి ఫిల్మ్ ఉంటుంది. దాన్ని చిన్న డబ్బీలో పెట్టి గదిలో మూడు నెలలు వేలాడదీస్తారు. ఆల్ఫా కణాలు తగిలిన చోటల్లా ఫిల్మ్‌లో కంటికి కనబడని గాయం పడుతుంది. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెడితే ఆ గాయాలు చిన్న చిన్న రంధ్రాలవుతాయి. వాటిని లెక్కపెడితే సగటున ఎంత రాడాన్ ఉందో తెలుస్తుంది. మన దేశంలో వాడే పిన్‌హోల్ డోసిమీటర్ బాబా అణు పరిశోధన కేంద్రం వాళ్లు రూపొందించింది. కరెంటు అక్కర్లేదు, చప్పుడు చెయ్యదు. వెంటనే అంకె చూపించే ఎలక్ట్రానిక్ మీటర్లు కూడా ఉన్నాయి గానీ ఒక రోజు అంకెను నమ్మి నిర్ణయానికి రాకూడదు. పగలు ఒకటి, రాత్రి ఒకటి, ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి ఉంటుంది. ఏడాది పొడుగునా మూడేసి నెలల చొప్పున కొలిస్తే నమ్మకమైన లెక్క. డబ్బీని కిటికీకి, ఫ్యానుకు, పొయ్యికి దూరంగా, మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో పెట్టాలి.

ఇంతవరకు ఫిజిక్స్. ఇప్పుడు లెక్కలోని రాజకీయం చూడండి.

ఒక అపార్ట్‌మెంట్ అనుకుందాం. 20 ఫ్లాట్లు, అన్నింటిలో 30 బెక్యూరెల్స్ చొప్పున ఉంది. వాచ్‌మన్ గదిలో 240 ఉంది. మొత్తం కూడితే 840. 21 గదులతో భాగిస్తే 40. రిపోర్టులో ఏం రాస్తారు? "ఈ భవనంలో సగటు రాడాన్ 40, ప్రపంచ సగటుతో సమానం, ఆందోళన అక్కర్లేదు." ప్రతి అక్షరం నిజం. 240లో పడుకునే నలుగురు మనుషులు ఆ నిజంలో మాయమైపోయారు. ఇది నేను ఉదాహరణకు వేసిన లెక్క, ఏ ఒక్క భవనానిదీ కాదు. కానీ ఈ రకం లెక్క మనకు కొత్తా? జిల్లా సగటు ఆదాయం, సగటు అక్షరాస్యత, సగటు తాగునీరు. సగటు తీసిన ప్రతిసారీ మనం అందులో కరిగిపోయాం.

ఈ ఉదాహరణలో సెల్లార్ గదిని కనీసం లెక్కలో అయినా చేర్చాను. నిజంగా అయితే ఆ గది లెక్కలోకే రాదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న ఒక తమ్ముడు ప్రాజెక్టు ఆలోచనతో నా దగ్గరికి వచ్చాడు. అపార్ట్‌మెంట్లలో రాడాన్ కొలుద్దామని ఫారం తయారుచేసుకున్నాడు. ఫ్లాట్ నంబర్, అంతస్తు, ఓనర్ పేరు, ఓనర్ సంతకం, ఏసీ ఉందా లేదా. బాగా కష్టపడ్డాడు. "వాచ్‌మన్ గదికి ఏ నంబర్ వేస్తావు తమ్ముడూ?" అనడిగా. చాలాసేపు ఫారం వైపు చూశాడు. ఆ గదికి నంబర్ లేదు. ఓనర్ లేడు. ప్లాన్ తెప్పించి చూస్తే అక్కడ స్టోర్ అని రాసి ఉంటుంది.

మనుషులు కాపురముండే గదిని కాగితం మీద స్టోర్ అని రాసుకున్నాక దాంట్లో కిటికీ ఎందుకు, గాలి ఎందుకు, కొలత ఎందుకు?

5. పరికరం ఎక్కడ పెడితే నిజం అక్కడ

ఇళ్లలో రాడాన్ సంగతి అమెరికాలో జనానికి తెలియడం వెనక ఒక కథ ఉంది. 1984 డిసెంబర్. పెన్సిల్వేనియా రాష్ట్రంలో లిమరిక్ అణు విద్యుత్ కేంద్రం ఇంకా కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టలేదు. అక్కడ పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు గేటు దగ్గరి రేడియేషన్ తనిఖీ యంత్రం దాటుతుంటే అలారం మోగింది. చిత్రమేమిటంటే ఆయన లోపలికి పోతున్నప్పుడే అది మోగేది. ప్లాంట్ నుంచి ఇంటికి మోసుకెళ్లడం కాదు, ఇంటి నుంచే ఒంటి మీద మోసుకొస్తున్నాడు. ఇల్లు కొలిస్తే దాదాపు లక్ష బెక్యూరెల్స్. ఇంటి కింద రాయిలోంచి వచ్చింది.

అలారం లేకపోతే ఆ కుటుంబం ఏమీ తెలియకుండానే ఆ ఇంట్లో ఉండేది. ఆయన పనిచేసే చోట గేటుకు యంత్రం ఉంది కాబట్టి నిజం బయటపడింది. యంత్రం ఉన్న చోట నిజం పుడుతుంది. యంత్రం లేని చోట జబ్బు మాత్రమే పుడుతుంది, దాన్ని మనం తలరాత అంటాం.

మనకు దగ్గర కథ కోలార్ బంగారు గనులది. చిత్తూరు, ఉత్తర ఆర్కాట్ పల్లెల నుంచి తరాల తరబడి మన మనుషులు అక్కడికి వెళ్లారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గనులు. 1965లో అక్కడ ఒక ప్రపంచ స్థాయి ప్రయోగం జరిగింది. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి, రెండు కిలోమీటర్లకు పైగా లోతులో పరికరాలు పెట్టి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. దేని గుండా అయినా దూసుకుపోయే, దేన్నీ తాకని కణాన్ని ఈ దేశం ఆ గనిలో కొలిచింది. గొప్ప విషయం, నేను తక్కువ చెయ్యను. అదే కేజీఎఫ్ టౌన్‌షిప్‌లో పాకీ దొడ్లను చేతులతో ఎత్తిపోసే కుటుంబంలో 1966లో బెజవాడ విల్సన్ పుట్టారు. తెలుగు మాట్లాడే దళిత కుటుంబం. సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టి దేశమంతా ఆ పని మీద పోరాడిన ఆయనకు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. న్యూట్రినోను పట్టుకున్న చోటే పాకీ పనివాళ్లు ఉన్నారన్న నిజాన్ని పట్టుకోవడానికి మళ్లీ ఒక పాకీ కుటుంబం బిడ్డే పుట్టాల్సి వచ్చింది.

ఇప్పటికీ మ్యాన్‌హోల్‌లో మనిషిని దించే ముందు లోపలి గ్యాస్ కొలిచే పరికరం చాలా చోట్ల కనబడదు. 2013 చట్టం కింద చేసిన రూల్స్‌లో ఆ పరికరం పేరు ఉంది. ఉండాల్సిన చోట పరికరం ఉండదు. మనిషి ఊపిరే పరికరం.

6. ఆ అక్క అడిగిన ప్రశ్న

నేను అద్దెకుండే చోట వాచ్‌మన్ గదిలో డబ్బీ పెట్టించుకుంటారా అని ఆయన భార్యను అడిగా. "అక్కా, ఈ గదిలో గాలి మంచిదా కాదా అని చూసే డబ్బీ. మూడు నెలలు గోడకు వేలాడుతుంది, అంతే" అన్నా.

"గాలికి గూడా మిషనుండాదా సార్?" అని నవ్వింది. కాసేపాగి అడిగింది: "అది ఎక్కువుండాదని తేలితే మమ్మల్ని రూము కాళీ చెయ్యమంటారా? పెద్దోడు ఈ ఏడు పదో తరగతి సార్."

మిత్రులారా, రాడాన్ మీద నేను చదివిన వాటిలో ఈ ప్రశ్న నాకు కనబడలేదు. అసలు విషయం ఇదే. పై ఫ్లాట్ ఓనర్‌కు ఎక్కువ అంకె వస్తే ఆయన మేస్త్రీని పిలుస్తాడు. సెల్లార్ గదిలో ఎక్కువ అంకె వస్తే అసోసియేషన్ మీటింగ్ పెడుతుంది. "మనకెందుకొచ్చిన గొడవ, కేసు గీసు అయితే? గది తీసేద్దాం, సెక్యూరిటీ ఏజెన్సీ వాణ్ణి పెట్టుకుందాం" అంటుంది. ఆ కుటుంబం రోడ్డు మీద పడుతుంది, తర్వాత మరో అపార్ట్‌మెంట్‌లో మరో మెట్ల కింద గదిలో చేరుతుంది. అక్కడ ఎవరూ కొలిచి ఉండరు. రాడాన్ అంతే ఉంటుంది. పిల్లాడి పదో తరగతి మాత్రం పోతుంది.

హక్కు లేని చోట కొలత కూడా ఆయుధమే, మన మీద గురిపెట్టిన ఆయుధం. గుడిసెలు ఆరోగ్యానికి హానికరమని కొట్టేసిన చరిత్ర ఈ దేశంలో ప్రతి నగరానికీ ఉంది. అందుకే కొలతకు ముందే షరతు రాసుకోవాలి. అంకె ఎంత వచ్చినా కుటుంబం కదలకూడదు, గది మారాలి.

గది మార్చడం సాధ్యమే. నేల పగుళ్లు, పైపుల చుట్టూ సందులు పూడ్చడం. పైన, కింద గాలి ఆడేలా ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టడం, వాటికి దోమల జాలీ. గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే పెడితే గదిలో ఒత్తిడి తగ్గి నేలలోంచి ఇంకా ఎక్కువ లాగొచ్చు, అందుకని బయటి గాలి లోపలికి వచ్చే దారి కూడా ఉండాలి. అప్పటికీ తగ్గకపోతే నేల కింద నుంచి ఒక పైపు వేసి, చిన్న ఫ్యాన్‌తో ఆ గాలిని భవనం పైకి వదిలెయ్యాలి. ఒక ఫ్లాట్‌కు ఫాల్స్ సీలింగ్ వేయించే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోది కాదు. కుదిరితే అన్నిటికన్నా మంచిది, ఆ కుటుంబానికి మొదటి అంతస్తులో గది ఇవ్వడం. ఈ మాట అనగానే మీటింగ్‌లో ఎవరి ముఖాలు ఎలా మారతాయో చూడండి. అప్పుడు రాడాన్ కన్నా బలమైన వాయువేదో ఆ గదిలో ఉందని తెలుస్తుంది.

7. "మనకు ఇంతకన్నా పెద్ద సమస్యలు లేవా?"

మన సంఘాల్లోనే ఈ మాట వస్తుంది. న్యాయమైన మాటే. దాడులు, భూములు, స్కాలర్‌షిప్‌లు, హాస్టళ్లు. వాటి పక్కన రాడాన్ ఏపాటిది? మన ఊళ్ల వేడికి కిటికీలు తెరిచే ఉంటాయి కదా, ఇది చలిదేశాల వాళ్ల భయం కాదా?

కిటికీలు తెరిచే ఇళ్లలో రాడాన్ తక్కువగానే ఉంటుంది, నిజం. కానీ ఆ మాట కిటికీ ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. సెల్లార్ గదికి వర్తించదు. ప్రభుత్వం టిడ్కో పేరుతో కట్టిన అపార్ట్‌మెంట్లు చూడండి. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు, చుట్టూ కాంక్రీటు గోడలే. అందులో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లు ఉన్నాయి. అక్కడ రాడాన్ ఎక్కువ ఉందని నేను చెప్పడం లేదు. ఉందో లేదో చూసి తాళాలు ఇవ్వండి అంటున్నా. పేదలకు ఇచ్చే ఇల్లు కాబట్టి చూడక్కర్లేదు అనే ధోరణే నాకు అభ్యంతరం. సంక్షేమ హాస్టళ్లలో గ్రౌండ్ ఫ్లోర్ గదులూ అంతే. ఒక్కో గదిలో ఎంతమంది పిల్లలు పడుకుంటున్నారో మీకు తెలుసు, మీరూ అక్కడే పడుకుని చదువుకున్నవాళ్లు.

1927 మార్చి 20న అంబేడ్కర్ మహాడ్ చెరువు దగ్గర దోసిలితో నీళ్లు తాగారు. ఆ రోజు కూడా ఇంతకన్నా పెద్ద సమస్యలు ఉన్నాయి. నీళ్లు ఎవరివి అన్న ప్రశ్న అడిగితే మిగతా ప్రశ్నలన్నీ దాని వెంట వస్తాయని ఆయనకు తెలుసు. గాలి ఎవరిది అన్న ప్రశ్న కూడా అలాంటిదే. దాని వెంట కిటికీ ఎవరిది, గది ఎవరిది, కాగితం మీద ఆ గది పేరు ఏమిటి, అందులో ఉండే మనిషికి జీతం ఎంత, నోటీసు లేకుండా వెళ్లగొట్టొచ్చా అన్నవన్నీ వస్తాయి.

ఇంకొక మాట. సైన్స్ మనది కాదనే భావం మనలో చాలామందికి ఎక్కించారు. మన గురించి సోషియాలజీ వాళ్లు రాస్తారు, మన బాధ సాహిత్యం వాళ్లు రాస్తారు, ఫిజిక్స్ మాత్రం ఎక్కడో కులం లేని చోట జరుగుతుంది అన్నట్టు. కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్నానని రోహిత్ తన చివరి ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ కోరిక వైపు మనం తగినంతగా చూడలేదని నాకనిపిస్తుంది. నక్షత్రాల గురించి రాసే హక్కు, మెట్ల కింద గాలిని కొలిచే హక్కు రెండూ ఒకటే.

8. చెయ్యగలిగినవి

ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, కుప్పం ద్రావిడ యూనివర్సిటీ, ఐఐటీ, ఐసర్. ఇన్ని విద్యాసంస్థలు ఈ రెండు జిల్లాల్లో ఉన్నాయి. ఫిజిక్స్, జియాలజీ, ఎన్విరాన్‌మెంట్ చదివే మన పిల్లలు వాటిలో ఉన్నారు. వాళ్లకు నా విన్నపం ఇది.

ఏ అపార్ట్‌మెంట్‌లో కొలిచినా మొదటి డబ్బీ వాచ్‌మన్ గదిలో పెట్టండి. దానికి నంబర్ లేకపోతే మీరే ఒక నంబర్ ఇవ్వండి. సంతకం అక్కడ నివసించే మనిషిది తీసుకోండి, అసోసియేషన్ సెక్రటరీది కాదు. భవనం సగటు రాయొద్దు, అన్నిటికన్నా ఎక్కువ ఉన్న గది అంకెను మొదటి వరుసలో రాయండి. ఫలితాన్ని తెలుగులో, ఒక కాగితం మీద, అంకె అర్థం ఏమిటో చెప్పి ఆ కుటుంబం చేతికి ముందు ఇవ్వండి. వాళ్లు ఒప్పుకుంటేనే మరొకరికి. ఇల్లు ఖాళీ చేయించబోమని అసోసియేషన్ రాసిచ్చాకే ఆ అంకె అసోసియేషన్‌కు.

సంఘాలకు ఇంకో విన్నపం. టిడ్కో ఇళ్లలో, సంక్షేమ హాస్టళ్లలో గ్రౌండ్ ఫ్లోర్ గదులను ఏడాది పాటు కొలవమని కలెక్టర్లకు అర్జీ పెట్టండి. కొత్త అపార్ట్‌మెంట్ల ప్లాన్‌లలో వాచ్‌మన్ గదిని నివాస గదిగా చూపించాలని, నివాస గదికి ఉండాల్సిన కిటికీ, కొలతలు దానికీ ఉండాలని మున్సిపల్ కార్పొరేషన్‌ను అడగండి. రాడాన్ కోసం ఒక్కటే కాదు, కారు పొగ కోసం, వర్షానికి సెల్లార్ మునిగినప్పుడు ప్రాణం కోసం కూడా.

బీడీ తాగే అన్నలకు, నాయనలకు మీరు చెప్పగలిగితే చెప్పండి. రాడాన్ ఉన్నా లేకపోయినా అది మానితే వచ్చే మేలు అన్నిటికన్నా పెద్దది.

మా దగ్గర డబ్బీ ఇంకా వేలాడదీయలేదు. ఆ అక్క ప్రశ్నకు అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా జవాబు కావాలని అడిగాం. ఆ కాగితం వచ్చిన రోజు ఫిల్మ్ పెడతాం. పరీక్షలు అయ్యేదాకా పిల్లాడికి మా వరండాలో బల్ల ఉంది.

వచ్చే వారం కుప్పం క్వారీల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.